వాలిస్నేరియానా, జావా ఫెర్నా?

ప్రశ్న: నమస్తే అండీ. మాది హైదరాబాద్, బోడుప్పల్. మా ఇంట్లో రెండడుగుల అక్వేరియం ఉంది. ఎత్తూ వెడల్పూ అడుగేసి. అందులో నాలుగు మోలీలు, మా అబ్బాయి పుట్టినరోజుకి వాళ్ళ బాబాయి తెచ్చిన రెండు గోల్డ్‌ఫిష్ ఉన్నాయి. ఇన్నాళ్ళూ ప్లాస్టిక్ మొక్కలే పెట్టాం. వాటికి పాచి పట్టడం, నేను బ్రష్షుతో తోమడం, వారం తిరక్కుండా మళ్ళీ పట్టడం. విసుగొచ్చేసింది. నిజం మొక్క ఒకటి పెడదామని షాపుకి వెళితే గడ్డిలా పొడుగ్గా ఉన్న వాలిస్నేరియా, ముదురాకుపచ్చ జావా ఫెర్న్ చూపించారు. "రెండూ ఈజీనే మేడమ్, ఏదైనా తీస్కోండి" అన్నాడు షాపు అబ్బాయి. ఏదీ తీసుకోకుండా వచ్చేశాను. మావి బోరు నీళ్ళు. ట్యాంకు హాల్లో టీవీ పక్కన, కిటికీకి దూరంగా ఉంటుంది. మూతలో 10 వాట్ల ఎల్ఈడీ లైటు, అడుగున నీలం, తెలుపు రాళ్ళు. మీరైతే ఏది తీసుకుంటారు?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: "మీరైతే" అని అడిగారు కాబట్టి దాచకుండా చెప్పేస్తాను. నేనైతే వాలిస్నేరియా తీసుకుంటాను. మీరు మాత్రం జావా ఫెర్న్ తీసుకోండి.

ఇదేం జవాబండీ అనకండి. మా ఇంట్లో గోల్డ్‌ఫిష్ లేవు, మీ ఇంట్లో ఉన్నాయి. తేడా అంతా అక్కడే ఉంది.

విజయవాడ వన్‌టౌన్‌లో 19 ఏళ్ళు చేపల దుకాణం నడిపినవాణ్ణి. చెన్నై కొళత్తూరు నుంచి థర్మాకోల్ పెట్టెల్లో సరుకు దిగేది. పెట్టె మూత తీయగానే తడి కాగితంలో చుట్టిన మొక్కల కట్టలు, ఆ పచ్చి వాసన. కౌంటర్ ముందు పదిమంది నిలబడి ఉంటే "ఏదైనా తీసుకోండి, రెండూ ఈజీనే" అని నేనూ వందసార్లు అనుంటాను. కాబట్టి ఆ కుర్రాణ్ణి తప్పు పట్టను. ఇంటికెళ్ళాక ఆ మొక్క ఏం తిని బతుకుతుంది, దాన్ని ఎవరు తింటారు అని కూర్చోబెట్టి అడిగే తీరిక కౌంటర్ దగ్గర ఉండదు. ఇప్పుడు దుకాణం లేదు, తీరిక ఉంది. ఆ రెండూ నేనే అడుగుతాను.

వాలిస్నేరియా వేళ్ళతో తినే మొక్క. నీళ్ళలోంచి కూడా కొంత తీసుకుంటుంది గానీ దాని బలమంతా అడుగున ఉన్న మట్టిలోనో ఇసకలోనో ఉండాలి. కనీసం రెండంగుళాల మందాన సన్నటి ఇసకో, జొన్నగింజంత రాళ్ళో ఉంటే వేరు దిగుతుంది, పట్టు దొరుకుతుంది. మీ నీలం, తెలుపు రాళ్ళు చాలావరకు బఠాణీ గింజకంటే పెద్దవే అయి ఉంటాయి. వాటి సందుల్లో వేరుకి పట్టూ లేదు, తిండీ లేదు. దీనికి తోడు మీ గోల్డ్‌ఫిష్. అది తిండి వెతికే తీరు ఎప్పుడైనా గమనించారా? అడుగున ఉన్న రాయిని నోట్లోకి తీసుకుంటుంది, చప్పరిస్తుంది, థూ అని ఉమ్మేస్తుంది. పొద్దస్తమానం అదే పని. సాయంత్రం మీరు ఓపిగ్గా ఆరు వాలిస్నేరియా మొక్కలు నాటి పడుకుంటే, పొద్దున లేచేసరికి ఆరూ పైన తేలుతుంటాయి. మళ్ళీ నాటితే మళ్ళీ పీకుతుంది. పీకగా మిగిలిన లేత ఆకుని కొరుక్కు తింటుంది. మా దుకాణం నుంచి వాలిస్నేరియా పట్టుకెళ్ళిన గోల్డ్‌ఫిష్ వాళ్ళందరూ పది రోజుల్లో తిరిగొచ్చేవాళ్ళు. "మీ మొక్క మంచిది కాదండీ" అనేవాళ్ళు. మొక్క మంచిదే, చేపకి రుచిగా కూడా ఉంది!

జావా ఫెర్న్ దారి వేరు. ఈశాన్య భారతం నుంచి ఆగ్నేయాసియా దాకా వాగుల ఒడ్డున, నీటిచెమ్మ తగిలే రాళ్ళకీ చెట్ల మొదళ్ళకీ అతుక్కుని పెరిగే ఫెర్న్ ఇది. ఏడాదిలో కొన్నాళ్ళు వరదనీటిలో మునిగి ఉంటుంది, కొన్నాళ్ళు బయట ఉంటుంది. దానికి మట్టి అక్కర్లేదు. తిండి ఎక్కువగా ఆకులతో నీళ్ళలోంచే తీసుకుంటుంది. వేళ్ళు రాయిని పట్టుకోడానికి. ఆకు దళసరి, చేపలకి చేదు. గోల్డ్‌ఫిష్ ఒకసారి రుచి చూసి వదిలేస్తుంది. చెట్ల నీడన పెరిగే మొక్క కాబట్టి మీ 10 వాట్ల లైటే దానికి చాలు. మీ రాళ్ళు ఏ రంగువైతే దానికేం, అది వాటిలో దిగదు.

ఇక నీళ్ళు. ఇక్కడ నేను నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. మీ నీళ్ళు చూస్తే నా ఓటు వాలిస్నేరియాకే. బోడుప్పల్ బోరు నీళ్ళంటే కుళాయి మూతికి తెల్లటి పొర పేరుకునే నీళ్ళే అయి ఉంటాయి, గీజర్ కాయిల్ కూడా తెల్లబడుతూ ఉంటుంది. అలాంటి ఉప్పునీళ్ళలో మొక్కకి కావలసిన కార్బన్ ఎక్కువభాగం వాయువుగా ఉండదు, బైకార్బొనేటుగా కరిగి ఉంటుంది. చాలా మొక్కలు దాన్ని ముట్టుకోలేవు. వాలిస్నేరియా ఆ బైకార్బొనేటుని కూడా వాడుకోగలదు. అందుకే తక్కిన మొక్కలు ముఖం వేలాడేసే నీళ్ళలో ఇది పిలకల మీద పిలకలు వేస్తుంది. మోలీలకి కూడా అలాంటి నీళ్ళే ఇష్టం. బోరు నీళ్ళు, మోలీలు, వాలిస్నేరియా: ఆ గోల్డ్‌ఫిష్ రెండూ లేకపోతే మీ ట్యాంకు ఈ మొక్క కోసమే పుట్టినట్టుండేది.

అయినా ఫెర్నే అంటున్నాను. ఉప్పునీళ్ళని ఫెర్న్ తట్టుకుంటుంది, కాస్త నెమ్మదిగా పెరుగుతుంది, అంతే. గోల్డ్‌ఫిష్ నోటిని వాలిస్నేరియా తట్టుకోలేదు.

తెల్ల రాళ్ళ గురించి ఒక చిన్న పరీక్ష. ఒక రాయి బయటికి తీసి ఆరబెట్టి దానిమీద రెండు చుక్కల వెనిగర్ వేయండి. బుడగలొస్తే అది పాలరాతి ముక్క. రోజూ కొంచెం కొంచెంగా కరిగి, అసలే ఉప్పగా ఉన్న నీళ్ళని ఇంకా ఉప్పగా చేస్తుంది. తీసేయండి. నీలం రాళ్ళు గోటితో గీరితే రంగు రాలుతోందా? అయితే అవి కూడా.

ఇప్పుడు ఫెర్న్ ఎలా పెట్టాలో. ఇక్కడ నా పరువు తీసుకునే కథ ఒకటి చెప్పాలి. దుకాణం పెట్టిన కొత్తలో మొదటిసారి జావా ఫెర్న్ వచ్చింది. మొదట్లో వేలెడంత కొమ్ము, దాన్నుంచి పైకి ఆకులు, కిందికి నల్లటి నూలుపోగుల్లాంటి వేళ్ళు. కొమ్ము చూడగానే నాకు మా తాతగారి పసుపు చేను గుర్తొచ్చింది. దుగ్గిరాల పక్క పల్లె మాది, కొమ్ము అంటే మట్టిలో పాతాల్సిందే అని ఒంట్లో జీర్ణించుకుపోయింది. పన్నెండు మొక్కలూ శుభ్రంగా ఇసకలో పాతేశాను. మూడువారాలకి ఆకులు ఒక్కొక్కటే ఊడి తేలాయి. పీకి చూస్తే కొమ్ములు నల్లగా, చితికిన ఖర్జూరంలా ఉన్నాయి. సరుకు పంపిన ఆయనకి ఫోన్ చేసి గొడవ పడ్డాను కూడా. ఆయన అంతా విని, "పాతారా?" అని ఒక్కమాట అడిగాడు. తర్వాత మాట్లాడ్డానికి నా దగ్గర ఏమీ లేదు.

కాబట్టి అమ్మా, కొమ్ముని పాతొద్దు. రాయికి కట్టండి. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైటుకి కొదవ లేదు, పిడికిలంత గరుకు ముక్క తెచ్చి బాగా తోమి, మరిగే నీళ్ళు పోసి కడగండి చాలు. ఇంటి ఫ్లోరింగులో మిగిలిన తాండూరు బండ ముక్క మాత్రం వద్దు, అది సున్నపురాయి. కొమ్ముని గ్రానైటు మీద పడుకోబెట్టి నూలు కుట్టుదారంతో నాలుగు చుట్లు, ఆకుల మధ్యలోంచి చుట్టండి, ఆకు నలగకూడదు. దారం పాడయ్యేలోపు వేళ్ళు రాయిని పట్టేసుకుంటాయి. దారం కనపడ్డం ఇష్టం లేకపోతే ఫెవిక్విక్ లాంటి జిగురు ఒక బొట్టు కొమ్ము అడుగున పెట్టి నొక్కండి, తడిమీదే అతుక్కుంటుంది. ఆరాక చేపలకి హాని చేయదు. తెల్ల మచ్చలా కనపడుతుంది, కొన్నాళ్ళకి పాచి కమ్మి కలిసిపోతుంది. రాయి బరువు చూసుకోండి, గోల్డ్‌ఫిష్ తోసేసే చిన్న రాయి పనికిరాదు.

షాపులో ఎంచేటప్పుడు ఆకు నిగనిగ చూసి మోసపోకండి, కొమ్ము చూడండి. వేళ్ళ మధ్య పెట్టి మెల్లగా నొక్కితే గట్టిగా, పచ్చగా ఉండాలి. మెత్తగా నల్లగా ఉంటే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. కుండీలో దూది లాంటి రాక్‌వూల్‌తో వస్తే దాన్ని ఓపిగ్గా పూర్తిగా పీకేయండి. ఇంటికి తెచ్చాక నేరుగా ట్యాంకులో వేయకుండా బకెట్లో వారం ఉంచితే నత్తలు ఉన్నదీ లేనిదీ తేలిపోతుంది. ఆకుల అడుగున జిగురు ముద్దలా కనిపిస్తే అవి నత్త గుడ్లు, గోటితో గీకేయండి.

పెట్టిన నెలలో ఒకటి రెండు పాత ఆకులు గోధుమరంగుకి తిరుగుతాయి. కంగారు పడి మొక్కని తీసి వేరే చోట కట్టకండి. కొత్త ఆకు చుట్టుకుని పైకి వస్తోందా లేదా అన్నదే చూడాలి. లైటు రోజుకి 6, 7 గంటలు చాలు. మీరు ప్లాస్టిక్ మొక్కల మీద తోమిన పాచి ఎక్కువసేపు లైటు వేసి ఉంచడం వల్ల వచ్చిందేమో చూసుకోండి. చాలా ఇళ్ళలో పొద్దున వేసిన లైటు రాత్రి సీరియళ్ళు అయ్యాకే ఆరుతుంది. టీవీ పక్కనే అన్నారు కాబట్టి అనుమానం! ఫెర్న్ నెమ్మదిగా పెరిగే మొక్క, దాని ఆకు మీద నల్లటి కుచ్చుల పాచి ఒకసారి పడితే వదలదు. ప్లగ్గుకి ఒక టైమర్ పెట్టండి.

ఇంకో భ్రమ కూడా తీసేయాలి. మొక్క పెట్టాం కదా, ఇక నీళ్ళు అదే శుభ్రం చేస్తుంది అనుకోకండి. వాలిస్నేరియా లాంటి జోరుగా పెరిగే మొక్కలు చేపల మలినాలని బాగానే లాగేస్తాయి. ఫెర్న్ ఆ పని పెద్దగా చేయదు. మీ ట్యాంకు లెక్కకి 56 లీటర్లు, రాళ్ళూ పైన వదిలిన ఖాళీ పోగా 45 ఉంటాయేమో. అందులో రెండు గోల్డ్‌ఫిష్ అంటే చిన్న గదిలో రెండు గేదెలు. ఇప్పుడు బొటనవేలంత ఉన్నాయేమో గానీ, సరిగా పెంచితే జానెడు అవుతాయి. వారానికోసారి మూడోవంతు నీళ్ళు మార్చాల్సిందే. బోరు నీళ్ళలో క్లోరిన్ బెడద ఉండదు గానీ, ఎప్పుడైనా మున్సిపల్ నీళ్ళు పోయాల్సి వస్తే క్లోరిన్ విరుగుడు మందు కలపండి.

ఎండాకాలం జాగ్రత్త. మే నెలలో మన ఇళ్ళలో ట్యాంకు నీళ్ళు 32 డిగ్రీలు దాటడం మామూలే. వాలిస్నేరియా ఆ వేడిని పెద్దగా పట్టించుకోదు, ఫెర్న్ కుంగుతుంది, గోల్డ్‌ఫిష్ అయితే అసలే చల్లనీళ్ళ చేప. మూత తీసి నీటి మీదుగా గాలి తగిలేలా చిన్న టేబుల్ ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. అప్పుడు నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం అక్కడే ఉండిపోతుంది. తరిగిన మేరకి మళ్ళీ బోరు నీళ్ళే పోస్తూ పోతే ఉప్పు పేరుకుపోతుంది. తరిగిన నీళ్ళ వరకు వంటింటి ఆర్వో ఫిల్టరు నీళ్ళు పోయండి. వారం వారం మార్చేటప్పుడు మాత్రం బోరు నీళ్ళే. ఆర్వో మెషీన్ గొట్టంలోంచి వృథాగా పోయే నీళ్ళు ఊరికే పోతున్నాయి కదా అని ఇందులో పోయకండి, ఉప్పంతా చేరేది వాటిలోనే.

ఇంత చెప్పి వాలిస్నేరియాని వదిలేయడానికి నాకు మనసు రావడం లేదు. ఇంటర్ బైపీసీ చదివినవాళ్ళకి ఈ పేరు గుర్తుండే ఉంటుంది, నీటి ద్వారా పరాగసంపర్కం అనగానే పుస్తకంలో వచ్చే మొక్క. మగ పూలు నీటి అడుగునే మొక్క నుంచి విడిపోయి నలకల్లా పైకి తేలతాయి. ఆడ పువ్వు స్ప్రింగులాంటి పొడుగాటి కాడ మీద నీటిమట్టం దాకా వచ్చి కాచుకుని ఉంటుంది. మగ పూలు తేలుకుంటూ వచ్చి తగిలాక ఆ కాడ మళ్ళీ చుట్టలు చుట్టుకుంటూ కాయని నీళ్ళలోకి లాగేసుకుంటుంది. పద్దెనిమిదో శతాబ్దపు ఇటలీ ప్రకృతి శాస్త్రవేత్త ఆంటోనియో వాలిస్నేరి పేరు పెట్టారు దీనికి. అంత పేరున్న మొక్కని మేం చిన్నప్పుడు పంటకాలవలో కాళ్ళకి చుట్టుకుంటే "ఛీ నాచు" అని లాగి ఒడ్డున పారేసేవాళ్ళం. పరీక్షలో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నాక కూడా ఆ నాచే ఇదని నాకు తెలీదు. మా దుకాణం తొట్టిలో ఒక వేసవిలో సన్నటి కాడ సుడులు తిరుగుతూ పైకొస్తుంటే, బేరం వదిలేసి చూస్తూ నిలబడిపోయాను.

అందుకని ఒక ఉపాయం. బాల్కనీలో పొద్దుటెండ రెండు మూడు గంటలు తగిలే చోట ఒక వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు పెట్టండి. అడుగున మూడంగుళాలు కడిగిన ఏటి ఇసక, దానిమీద మీ బోరు నీళ్ళు. నాలుగు వాలిస్నేరియా మొక్కలు నాటండి, తెల్లటి మొదలు ఇసకలో కూరుకుపోకుండా పైకి కనపడాలి. మోలీల పిల్లలు పుడితే అందులో వదలండి, దోమపిల్లలని తినేస్తాయి. మొదట ఆకులు కరిగిపోతాయి, మూడు వారాలకి కొత్తవి వస్తాయి, ఆ తర్వాత పిలకల గొలుసు మొదలవుతుంది. అబ్బాయి ఇంటర్‌కి వచ్చేలోపు పువ్వు చూసినా చూస్తాడు. గోల్డ్‌ఫిష్ రెంటికీ పెద్ద ట్యాంకు కొన్న రోజున టబ్బులోంచి పిలకలు తెచ్చి హాల్లో నాటుకోవచ్చు, అప్పుడు డబ్బు కూడా పెట్టక్కర్లేదు. మీ అడుగు ఎత్తు ట్యాంకులో దాని ఆకు పైదాకా పోయి నీటి మీద వాలుతుంది. కింద ఉన్న ఫెర్న్‌కి ఆ నీడ మంచిదే.

ప్రశ్న: నా జావా ఫెర్న్ ఆకుల వెనక గోధుమరంగు మచ్చలు వరసలుగా వచ్చాయి. ఏదో తెగులని సగం ఆకులు కత్తిరించేశాను. మందు చెప్పండి.
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: అయ్యో, కత్తెర పక్కన పెట్టండి. వేలితో తడిమితే గరుకుగా, ఉబ్బెత్తుగా తగులుతున్నాయా? అయితే అవి సిద్ధబీజాశయాలు, అంటే విత్తనాల బదులు ఫెర్న్ వేసే పొడిలాంటి బీజాల సంచులు. ఫెర్న్‌కి పూలు పూయవు, దాని సంతానం ఆ మచ్చల్లోనే. కొన్నాళ్ళకి ముదురు ఆకుల మీద, కొసల్లో వెంట్రుకల్లాంటి వేళ్ళతో బుల్లి మొక్కలు కూడా పుడతాయి. రెండంగుళాలు అయ్యాక గిల్లి ఇంకో రాయికి కట్టుకోండి. మచ్చ మీద ఆకు పలచబడి, అద్దంలా అయి, చిల్లు పడుతుంటే మాత్రం వేరే సంగతి. నీళ్ళలో పోషకాలు చాలడం లేదు, ముఖ్యంగా పొటాషియం. అక్వేరియం మొక్కల ద్రవ ఎరువు సీసా మీద రాసినదాంట్లో సగం మోతాదుతో మొదలుపెట్టండి.

ప్రశ్న: మీ మాట నమ్మి వాలిస్నేరియా పెట్టాను. నెలన్నర బాగా పెరిగింది. ఇంకా పెరగాలని షాపులో 'లిక్విడ్ కార్బన్' ఇస్తే రోజూ మూతెడు పోశాను. నాలుగు రోజుల్లో మొత్తం జావలా కరిగిపోయింది.
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: నా మాట నమ్మి నెలన్నర ఆగినవారు ఇంకో నెల ఆగి ఉండాల్సింది! ఆ పేరుతో అమ్మే సీసాల్లో సాధారణంగా ఉండేది గ్లూటరాల్డిహైడ్. ఆస్పత్రుల్లో పరికరాలు శుద్ధి చేసే రసాయనం అది. పాచిని చంపుతుంది, అందుకే అమ్ముడుపోతుంది. తక్కిన మొక్కలు చాలావరకు ఓర్చుకుంటాయి గానీ వాలిస్నేరియాకి అస్సలు పడదు. సీసా ఆపేయండి. ఇవాళ సగం నీళ్ళు, రెండు రోజులాగి ఇంకో సగం మార్చండి. కరిగిన ఆకులన్నీ వలతో తీసేయండి, లేకపోతే అవి కుళ్ళి చేపల ప్రాణం మీదికి వస్తుంది. మొదళ్ళు మాత్రం పీకకండి. తెల్లగా, వేలికి గట్టిగా తగిలితే బతికే ఉన్నట్టు, రెండు మూడు వారాల్లో ఆకు వేస్తాయి. వేలు పెడితే ఊడొచ్చినవి ఊడొచ్చినట్టే, తీసి పూలకుండీలో వేయండి.